రాయగడ, కోరాపుట్ వైపు ఉండి సెకండ్‌హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొనడం ఎలా?

కొత్తప్పుడు కోటి రూపాయలు పలికిన బండి ముప్పై లక్షలకు అమ్మకానికి ఉందని విశాఖ నుంచి ఎవరో ఫొటోలు పంపిస్తారు. తోలు సీట్లు, అద్దాల పైకప్పు, ముందు ఆ లోగో. రాత్రి నిద్ర పట్టదు. అంత చౌకగా ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు జవాబు సులువే. బండి ధర పడిపోతుంది గానీ దాని పార్టుల ధర పడిపోదు. పదేళ్ల తర్వాత కూడా దాని గేర్‌బాక్సు కోటి రూపాయల బండి గేర్‌బాక్సే.

హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఈ లెక్క ఒక్కటే. ఏపీ సరిహద్దుకి దగ్గరగా ఒడిశాలో ఉన్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, కోరాపుట్ వాళ్లకి ఇంకో మూడు లెక్కలు కలుస్తాయి. సర్వీస్ సెంటర్ దూరం, ఘాట్ రోడ్లు, రెండు రాష్ట్రాల కాగితాలు. అందుకే నగరంవాళ్లు ఇచ్చే సలహాలు మనకి సగమే పనికొస్తాయి. మిగతా సగం ఇక్కడ వరసగా చెబుతాను.

ముందు మీ దారి చూసుకోండి

ఒక కాగితం తీసుకుని, పోయిన ఏడాది మీ కారు వెళ్లిన ఊళ్లన్నీ రాయండి. పార్వతీపురం మీదుగా విశాఖ, సాలూరు ఘాట్ దిగి విజయనగరం, పండక్కి శ్రీకాకుళం, చలికాలంలో ఒకసారి దారింగిబాడి. ఇదే మీ జాబితా అయితే అన్నీ తారురోడ్లే. మీకు కావాల్సింది సుఖమైన బండి, కొండలెక్కే బండి కాదు. అలా కాకుండా నారాయణపట్నం వైపు రోడ్డు కాంట్రాక్టులు, చిత్రకొండ అవతల సైట్లు, కోరాపుట్‌లో కాఫీ తోట, లేదా దేవమాలి చుట్టుపక్కల కొండదారుల్లో బండి తిప్పే సరదా ఉంటే అప్పుడు అసలైన ఆఫ్‌రోడ్ బండి గురించి మాట్లాడుకోవచ్చు.

ఈ తేడా ఎందుకంటే, లగ్జరీ ఎస్‌యూవీ అని అమ్మేవన్నీ ఆఫ్‌రోడ్ బళ్లు కావు. ఆడి క్యూ7, బీఎండబ్ల్యూ ఎక్స్5, వోల్వో ఎక్స్‌సీ90 లాంటివాటికి నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది గానీ లో రేంజ్ గేరు ఉండదు. ల్యాండ్ రోవర్ పేరున్నా డిస్కవరీ స్పోర్ట్, ఎవోక్‌లకు కూడా ఉండదు. లో రేంజ్ అంటే బండిని నడక వేగంతో, ఎక్కువ బలంతో లాగించే రెండో వరస గేర్లు. వానాకాలంలో ఎర్ర బురద ఎక్కాలన్నా, రాళ్ల దారిలో బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగాలన్నా అదే కావాలి. పెద్ద డిస్కవరీ, రేంజ్ రోవర్ స్పోర్ట్‌లలో కూడా కొన్ని వేరియంట్లకి లో రేంజ్ లేకుండా వచ్చింది. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే ఏడాది అయినా ఒకదానికి ఉంటుంది, పక్కదానికి ఉండదు. గేరు దగ్గర ఆ బటన్ ఉందో లేదో మీ కళ్లతో చూడండి. అమ్మేవాడికి కూడా చాలాసార్లు తెలియదు.

ఏ బండి?

నా ఓటు ఎక్కడికో ముందే చెప్పేస్తాను. సర్వీస్ సెంటర్‌కు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద బండి నిలబడే ఏర్పాటు) లేని బండి చూసుకోవాలి. ఆ లెక్కన టొయోటా ల్యాండ్ క్రూయిజర్, ప్రాడో ముందుంటాయి. లాడర్ ఛాసిస్ (నిచ్చెన లాంటి గట్టి ఫ్రేము), కాయిల్ స్ప్రింగులు, మన దేశంలో అమ్మిన ల్యాండ్ క్రూయిజర్ 200లో 4.5 లీటర్ల వి8 డీజిల్. చిక్కేమిటంటే వీటి ధర అంత తేలిగ్గా పడదు. 2023లో కొత్త ల్యాండ్ క్రూయిజర్ 300 ఎక్స్‌షోరూం ధరే 2.10 కోట్లుగా వచ్చింది కాబట్టి పాతవాటికి గిరాకీ అలాగే ఉంది. ప్రాడోలోని 3.0 లీటర్ల డీజిల్‌కు టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు అడగాలి, ఇంజెక్టర్ల సంగతి కనుక్కోవాలి. అంతకుమించి భయపడాల్సింది తక్కువ.

ల్యాండ్ రోవర్ డిస్కవరీ 4 అందరికీ కన్ను పడే బండి. కొండదారిలో దానికి సాటి వచ్చేవి కొన్నే, ఏడుగురు హాయిగా కూర్చోవచ్చు, ధర చూస్తే నమ్మశక్యం కాదు. కానీ దాని 3.0 లీటర్ల వి6 డీజిల్‌లో బేరింగులు పోయి క్రాంక్‌షాఫ్ట్ విరిగిన కేసులు ప్రపంచమంతా ఉన్నాయి. అది విరిగితే ఇంజన్ మార్చడమే. టర్బో లాంటి పనికి కూడా చాలా వర్క్‌షాపుల్లో బాడీని ఛాసిస్ మీంచి లేపేస్తారు. దాని ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు బురద పడితే కీచుమంటుంది, పట్టించుకోకపోతే పట్టేస్తుంది. ఈ బండి కొనకూడదని నేను అనను. ఆయిల్ టైముకి మార్చిన బిల్లులు మొదటి నుంచీ చివరిదాకా చేతిలో పెడితేనే కొనమంటాను.

2.0 లీటర్ల ఇంజీనియం డీజిల్ ఉన్న చిన్న ల్యాండ్ రోవర్లలో టైమింగ్ చైను సాగే జబ్బు ఉంది. ఊళ్లోనే రెండేసి కిలోమీటర్లు తిప్పిన బళ్లలో డీజిల్ వెళ్లి ఇంజన్ ఆయిల్లో కలవడంతో ఆయిల్ పల్చబడుతుంది. స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి గలగల వినిపిస్తే అక్కడితో ఆపేయండి.

2020లో మన దేశానికి వచ్చిన కొత్త డిఫెండర్ ఇప్పుడిప్పుడే సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతోంది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్నది 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో దిగగలదని కంపెనీ లెక్క. ఇంకా వారంటీ మిగిలి ఉన్నదైతే తప్ప దీని జోలికి వెళ్లొద్దు. జీప్ రాంగ్లర్ సాదా బండి, కాయిల్ స్ప్రింగులు, గట్టి యాక్సిళ్లు. దాని రూబికాన్ వేరియంట్‌కి ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్‌లు (ఒక చక్రం జారి తిరుగుతున్నా రెండోదానికి బలం అందించేవి) కూడా ఉంటాయి. పెట్రోలు బాగా తాగుతుంది, హైవే మీద గాలి రొద ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కేటట్టయితే ఒకసారి ఎక్కించి చూశాకే మాట ఇవ్వండి. మెర్సిడెస్ జీ వ్యాగన్ కొనగలిగినవాళ్లకి ఈ సలహాలు అక్కర్లేదు.

ఇవేవీ మీ బడ్జెట్‌కి కుదరకపోతే మంచి కండిషన్‌లో ఉన్న ఫోర్ బై ఫోర్ ఫార్చ్యూనర్ కొనుక్కోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. జయపురంలో కూడా దాన్ని విప్పి బిగించే మేస్త్రీలు ఉంటారు.

బడ్జెట్ విషయానికొస్తే, మీ దగ్గర 40 లక్షలుంటే 40 లక్షల బండి చూడొద్దు. 30 లక్షలకు మించనివ్వకండి. మిగిలినదాంట్లో కొంత ఒడిశా రోడ్ ట్యాక్స్‌కి పోతుంది, ఇంకొంత మొదటి ఏడాది రిపేర్లకి పోతుంది. ఆ రిపేర్ల సొమ్ము బండి ధరలో ఆరో వంతుకు తగ్గకుండా బ్యాంకులో పక్కన పెట్టలేకపోతే ఈ సంవత్సరం ఆగడమే మంచిది.

బండి ఎక్కణ్నుంచి వస్తోంది?

మన వైపు దొరికే బళ్లు ఎక్కువగా విశాఖ, భువనేశ్వర్, హైదరాబాద్‌వి. ఈ మధ్య ఢిల్లీ బళ్లు కూడా బాగా దిగుతున్నాయి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు ఆ మాటే నిలబెట్టింది. తర్వాత కోర్టులో ఆ నిబంధన మీద మళ్లీ వాదనలు నడిచినా, ఆ భయంతో బయటికొచ్చిన బళ్ల వ్యాపారం మాత్రం ఆగలేదు. ఢిల్లీ బండికి తుప్పు తక్కువ, ధర తక్కువ. కానీ డబ్బు కట్టేముందే మీ ఆర్టీఓ ఆఫీసుకి వెళ్లి, ఆ వయసు డీజిల్ బండిని ఢిల్లీ ఎన్ఓసీతో (అభ్యంతరం లేదని పాత ఆర్టీఓ ఇచ్చే పత్రం) ఇక్కడ రిజిస్టర్ చేస్తారా అని అడగండి. ఏజెంటు అవునంటే సరిపోదు.

ముంబయి బండికి, గోపాల్‌పూర్ వైపు సముద్రం గాలిలో ఉన్న బండికి అడుగు భాగం చూడాలి. విజయవాడ బండి అయితే 2024 సెప్టెంబరు బుడమేరు వరద గుర్తుంచుకోవాలి. చెన్నైది అయితే 2015, 2023 వరదలు. మన గజపతి, గంజాం జిల్లాలది అయితే 2018 తిత్లీ తుపాను. వరదలో మునిగిన లగ్జరీ బళ్లను ఇన్సూరెన్స్ కంపెనీలు వేలంలో అమ్మేస్తాయి, అవి తళతళలాడుతూ ఇంకో రాష్ట్రంలో తేలతాయి.

ఇంకో రకం బండి మన ప్రాంతానిదే. గనుల్లో, కాంట్రాక్టు సైట్లలో ఏళ్ల తరబడి తిరిగినది. మీటరు మీద అరవై వేలే ఉంటుంది, కానీ ఆ అరవై వేలూ ఫస్టు, సెకండు గేర్లలో దుమ్ములో తిరిగినవి.

ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని

బండి చూడ్డానికి వెళ్లకముందే ఆర్‌సీ ఫొటో, ఛాసిస్ నంబరు తెప్పించుకోండి. ఇవ్వడానికి తటపటాయిస్తే ఆ బేరం వదిలేయండి. ఎంపరివాహన్ యాప్‌లో ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, లోన్ ఇంకా ఎక్కి ఉందా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా అన్నది చూడండి. ఈ-చలాన్లు విడిగా చూడాలి. లగ్జరీ బళ్ల మీద ఓవర్ స్పీడ్ చలాన్లు పేరుకుపోయి ఉంటాయి.

తర్వాత అదే ఛాసిస్ నంబరుతో ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి సర్వీస్ హిస్టరీ అడగండి. కొందరు ఓనర్ అనుమతి మెయిల్ అడుగుతారు, ఆ మెయిల్ పెట్టమని అమ్మేవాడికి చెప్పండి. హిస్టరీలో మూడు విషయాలు చూస్తే చాలు. కిలోమీటర్లు ఎప్పుడైనా వెనక్కి వెళ్లాయా, ఆయిల్ మార్పుల మధ్య ఎంత గ్యాప్ ఉంది, ఏదైనా పెద్ద యాక్సిడెంట్ క్లెయిమ్ ఉందా. మూడేళ్లుగా సర్వీస్ సెంటర్ మొహం చూడని బండి అయితే బయట గ్యారేజీలో చేయించిన బిల్లులు చూపించమనండి. "అంతా నోటి మాటేనండీ, మనవాడే చేశాడు" అంటే సర్వీస్ జరగనట్టే లెక్కపెట్టుకోండి.

పొద్దున్నే వెళ్లండి

చూడ్డానికి వెళ్లే టైము ముఖ్యం. ముందు రోజు రాత్రే చెప్పండి, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాచారు.

స్టార్ట్ చేయకముందు బండికి నాలుగు పక్కలా తిరిగి చూడండి. ఎయిర్ సస్పెన్షన్ బండి రాత్రంతా నిలబడి ఉంటే అసలు నిజం పొద్దున్న బయటపడుతుంది. జేబులోంచి టేపు తీసి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు చోట్లా కొలవండి. ముందు రెండూ సమానంగా, వెనక రెండూ సమానంగా ఉండాలి. ఒక మూల రెండు అంగుళాలు కుంగి ఉంటే అక్కడి ఎయిర్ బ్యాగ్ (సస్పెన్షన్‌లోని గాలి సంచి, ప్రమాదంలో తెరుచుకునేది కాదు) గాలి వదిలేస్తోంది. స్టార్ట్ చేయగానే బండి లేచి సర్దుకుంటుంది, అమ్మేవాడు చూశారా ఎంత బాగుందో అంటాడు. కానీ కారుతున్న గాలిని భర్తీ చేయడానికి కంప్రెసర్ రోజూ అరిగిపోతూ ఉంటుంది, కొన్నాళ్లకి అదీ పోతుంది. ఒక ఎయిర్ బ్యాగ్‌తో మొదలైన ఖర్చు కంప్రెసర్, వాల్వ్ బ్లాక్ దాకా పాకుతుంది. అది సాలూరు ఘాట్ మధ్యలో పోతే బండి బాగా కిందికి కుంగి కూర్చుంటుంది, మామూలు తాడు కట్టి లాక్కెళ్లడం కూడా కుదరదు, ఫ్లాట్‌బెడ్ రావాలి.

ఇప్పుడు తలుపులు తీయండి. డ్రైవర్ సీటు బెల్టు పూర్తిగా, చివరిదాకా బయటికి లాగండి. రీలు దగ్గర ఉండే చివరి అడుగు బెల్టును ఎవరూ కడగరు. అక్కడ బురద గీత, మచ్చ కనిపిస్తే నీళ్లు ఆ ఎత్తు దాకా వచ్చాయన్నమాట. ఎర్రటి మెత్తని దుమ్ము అయితే వరద కాదు, గని. అదే దుమ్ము స్టెప్నీ గుంటలో, వెనక లైట్ల వెనకాల, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో కూడా వెతకండి. పాలిష్ వేసేవాడి చెయ్యి ఆ మూలలకు పోదు. సీట్ల కింద పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద చెమ్మ, వైరు కనెక్టర్ల మీద తెల్లటి పొడి ఉంటే వరద బండే. ఒక్క కార్పెట్ చెమ్మ మాత్రమే ఉంటే సన్‌రూఫ్ నీళ్లు పోయే గొట్టాలు పూడుకుపోయి ఉండొచ్చు, మన వానలకి ఇది మామూలే. కానీ చాలా బళ్లలో ఆ నీళ్లు వెళ్లి చేరే చోటే కంట్రోల్ యూనిట్లు ఉంటాయి కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు.

కిలోమీటర్ల మీద అనుమానం ఉంటే బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు బయటి అంచు చూడండి. యాభై వేల కిలోమీటర్ల బండికి పెడల్ నున్నగా అరిగిపోదు. తాళాలు రెండూ అడగండి. రెండోది లేదంటే కొత్తది కోడింగ్ చేయించడానికి పదుల వేలు అవుతుంది, ఆ మేరకు ధర తగ్గించమనండి. పైగా ఆ పోయిన తాళం ఎవరి దగ్గరుందో అన్నది ఇంకో టెన్షన్.

ఇక స్టార్ట్ చేయమనండి. మీరు వెనక నిలబడండి. మొదటి క్షణంలో కాస్త పొగ వచ్చి పోతే ఫర్వాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది, తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ మూత అడుగున కాఫీ నురగ లాంటి జిడ్డు ఉంటే దండం పెట్టి వచ్చేయండి.

లిఫ్ట్ మీద, స్కానర్‌తో

ఇక్కడ ఖర్చుకి వెనకాడొద్దు. ఆ బ్రాండ్ పని తెలిసిన మెకానిక్‌ని వెంట తీసుకెళ్లండి, అతని ఫీజు మీరే ఇవ్వండి. అమ్మేవాడు ఏర్పాటు చేసిన మెకానిక్ వద్దు. బండిని లిఫ్ట్ ఎక్కించే చోటికి తీసుకురాకపోతే కొనను అని ముందే చెప్పండి.

కిందికెళ్లాక ఛాసిస్ రైళ్లు, అండర్ ప్లేట్లు చూడండి. రాయి తగిలిన గీతలు ఆఫ్‌రోడ్ బండికి సహజం. గీత తప్పు కాదు, వంపు తప్పు. ట్రాన్స్‌ఫర్ కేసు (పవర్‌ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), డిఫరెన్షియల్ చుట్టూ ఆయిల్ చెమ్మ ఉందా, బుషులు పగిలాయా, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు చిరిగాయా చూడమనండి. కుదిరితే డిఫరెన్షియల్ ఆయిల్ ప్లగ్ విప్పించండి. ఆయిల్ పాలరంగులో ఉంటే వాగుల్లో దించి తర్వాత మార్చకుండా వదిలేశారు.

టైర్లు నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండికి రెండు కొత్తవి, రెండు పాతవి వేస్తే ఆ తేడా సెంటర్ డిఫరెన్షియల్ మీద పడుతుంది. పక్కన డాట్ అక్షరాల తర్వాత చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాత రెండూ ఏడాది. ఆరేళ్లు దాటితే ఎంత గీత మిగిలి ఉన్నా మార్చాల్సిందే. షోకుకి 22 అంగుళాల వీల్స్ వేసిన బండి వద్దు. కోరాపుట్ గుంతలకి ఆ సన్నని టైరు పక్క పగులుతుంది. పైగా ఆ సైజు టైరు మన ఊళ్లో దొరకదు. 18 అంగుళాలు మేలు.

స్కానర్ కూడా మామూలుది కాకుండా ఆ బ్రాండ్‌ది వాడాలి. తప్పులేవీ లేవు అని క్లీన్‌గా వచ్చినా సంతోషించకండి. నిన్నే కోడ్లు చెరిపేసి ఉంటే కొన్ని స్వీయ పరీక్షలు "పూర్తి కాలేదు" అని చూపిస్తుంది. అది మెకానిక్‌ని అడిగి చూపించుకోండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఎంత నిండి ఉందో కూడా స్కానర్ చెబుతుంది. కొందరు అది పూడుకుపోయిందని లోపలిది తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తారు. అలాంటి బండికి వారంటీ ఉండదు, పొల్యూషన్ టెస్టులో చిక్కు వస్తుంది.

ఘాట్ ఎక్కించి చూడండి

బీచ్ రోడ్డు మీద ఐదు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్ మనకి పనికిరాదు. విశాఖలో చూస్తుంటే సింహాచలం కొండ ఎక్కించమనండి. ఎక్కేటప్పుడు ఏసీ ఆన్‌లో పెట్టి టెంపరేచర్ ముల్లు కదులుతుందా చూడండి, గేరు మారేటప్పుడు వెనక నుంచి తన్నినట్టుందా గమనించండి. దిగేటప్పుడు బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణికితే డిస్కులు వంగాయి. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకి తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి, టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. ఖాళీ మట్టి జాగా వెతికి బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, లో రేంజ్ వేయండి. దీపం వెలగాలి, బండి భారంగా కదలాలి, మళ్లీ హై రేంజ్‌లోకి ఏ మొరాయింపూ లేకుండా రావాలి. ఏళ్ల తరబడి ఎవరూ వేయని లో రేంజ్ మోటారు పట్టేసి ఉండటం చాలా మామూలు.

ధర, డబ్బు

బేరానికి కూర్చునేటప్పుడు చేతిలో లిస్టు ఉండాలి. టైర్లు ఇంత, ఎయిర్ బ్యాగ్ ఇంత, తాళం ఇంత అని సర్వీస్ సెంటర్ కొటేషన్‌తో చెబితే మాట నిలుస్తుంది. "దూరం నుంచి వచ్చాం, కాస్త చూసి చెప్పండి" అంటే వెయ్యో రెండు వేలో తగ్గుతుంది అంతే.

రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, కాబట్టి డబ్బంతా బ్యాంకు ద్వారానే పంపండి. డీలరు దగ్గర కొంటే పది లక్షలు దాటిన బండికి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాడు మీ దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కలుస్తుంది; రిటర్న్ వేసేటప్పుడు అది మీ ఖాతాలో చూపించుకోవచ్చు. జీఎస్టీ పేరుతో బండి మొత్తం ధర మీద 18 శాతం అడిగితే మాత్రం ఆగండి. పాత కార్లకి 2025 జనవరి నుంచి 18 శాతమే గానీ, అది మామూలుగా డీలరు లాభం మీద లెక్క. లోన్ ఉన్న బండి అయితే డబ్బు ఓనర్‌కి ఇవ్వొద్దు, బ్యాంకు లోన్ ఖాతాకి నేరుగా కట్టండి. ఆ బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 (ఆర్‌సీలోంచి లోన్ తీసేయడానికి) చేతికి వచ్చాకే మిగతాది ఇవ్వండి.

కాగితాల పని

మన సరిహద్దు ఊళ్లలో అందరూ చేసే పని ఒకటుంది. పార్వతీపురంలోనో పాలకొండలోనో ఉన్న బావమరిది పేరు మీద బండి ఉంచి, ఏపీ నంబరు ప్లేటుతో రాయగడలో తిప్పడం. పాతిక వేల స్కూటర్‌కి నడిచిపోయిన ఈ పద్ధతి ముప్పై లక్షల బండికి పెట్టుకోవద్దు. ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 చెబుతోంది. చెక్‌పోస్టులో పట్టుకోవడం ఒక ఎత్తు. రేపు యాక్సిడెంట్ అయితే కేసు, క్లెయిమ్ రెండూ బావమరిది మెడకి చుట్టుకోవడం ఇంకో ఎత్తు. ఆర్‌సీలో పేరున్నవాడే ఓనరు అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

పద్ధతిగా అయితే ఇలా. పాత ఆర్టీఓ నుంచి ఫారం 28తో ఎన్ఓసీ అమ్మేవాడి చేత తీయించాలి. పేరు మార్పుకి వాడే ఫారం 29, ఫారం 30 మీద అతని సంతకాలు తీసుకోవాలి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టించుకున్నా ఆధార్, పాన్ కాపీలు, ఒక అదనపు సెట్ సంతకాలు తీసుకోండి. తిరిగి హైదరాబాద్ వెళ్లి మనిషిని పట్టుకోవడం నరకం. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్లు రెండు మూడు తీయించి ఉంచుకోండి. కొన్న తర్వాత పేరు మార్పుకి మీరు ముప్పై రోజుల్లో అర్జీ పెట్టాలి, కొత్త నంబరుకి ఫారం 27. రాయగడ అయితే ఓడీ-18, కోరాపుట్ ఓడీ-10, గజపతి ఓడీ-20, గంజాం ఓడీ-07. బండిని ఆఫీసు దగ్గరికి తీసుకెళ్లి చూపించాలి.

అసలు దెబ్బ తగిలేది రోడ్ ట్యాక్స్ దగ్గర. సాధారణంగా ఈ ట్యాక్స్ మీరు కొన్న ధర మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ధర ఆధారంగా, వయసుకి తగ్గింపు ఇచ్చి లెక్కిస్తారు. ముప్పై లక్షలకి కొన్న బండికి కోటి రూపాయల బండి లెక్క వేస్తారన్నమాట. కొనకముందే పాత ఇన్వాయిస్ కాపీ పట్టుకెళ్లి ఆర్టీఓ ఆఫీసులో ఎంత అవుతుందో అడిగి రాసుకోండి, ఆ అంకె మీ బేరం ధరలో కలపండి. ఇన్వాయిస్ లేదంటే అమ్మేవాడి చేత షోరూం నుంచి డూప్లికేట్ తెప్పించండి. పాత రాష్ట్రంలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడిగే వీలుంటుంది గానీ, దానికి పాత ఓనర్ సాయం కావాలి. ఆ సంతకం కూడా ఇప్పుడే తీసుకోండి.

ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని పద్నాలుగు రోజుల్లో కంపెనీకి రాయాలి. నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, అది పాత ఓనర్‌తోనే పోతుంది. కాబట్టి ప్రీమియంలో తేడా కట్టాల్సి రావచ్చు. ఇంజన్ ప్రొటెక్షన్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తప్పకుండా పెట్టించుకోండి, టోయింగ్ ఎన్ని కిలోమీటర్ల దాకా అన్నది పాలసీలో చదవండి. యాభై కిలోమీటర్లని ఉంటే అది మనల్ని సాలూరు కూడా దాటించదు.

ఇంటికి తెచ్చాక

మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ అయ్యాక, బండిని ఎవరికీ చూపించకముందే ఒక పని చేయండి. ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్సు ఆయిల్, రెండు డిఫరెన్షియళ్లు, ట్రాన్స్‌ఫర్ కేసు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు అన్నీ మార్పించండి. ఈ గేర్‌బాక్సు ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని కొందరు చెబుతారు, ఘాట్లలో తిరిగే బండికి ఆ మాట వర్తించదు. డీజిల్ ఒకే మంచి బంకులో పోయించండి, ఫ్యూయల్ ఫిల్టర్ కంపెనీ చెప్పినదానికంటే ముందే మార్పించండి. యాడ్‌బ్లూ (పొగను శుద్ధి చేసే ద్రవం) వాడే బీఎస్6 డీజిల్ అయితే ఆ డబ్బా ఒకటి ఇంట్లో ఉంచుకోండి, అది అయిపోతే బండి స్టార్ట్ కాదు.

హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు కొత్త నంబరుతో వేయించుకోండి. పాత ఫాస్టాగ్ తీసేసి మీ పేరు మీద కొత్తది అతికించండి. కొత్త తరం బళ్లకి ఫోన్ యాప్ ఉంటుంది. పాత ఓనర్ ఖాతాని అతని చేతే తీయించండి. లేకపోతే మీరు జయపురంలో ఎక్కడ ఆపారో ఆయనకి హైదరాబాద్‌లో కనిపిస్తూనే ఉంటుంది, కొన్ని మోడళ్లలో తలుపులు కూడా తీయగలడు.